వెబ్‌సైట్ రూపం మార్చే ముందు భవానీపూర్ వైపు ఒక చూపు

ప్రిలిమ్స్ అయిపోగానే మనలో చాలామంది చేసే మొదటి పని సొంత వెబ్‌సైట్ తెరిచి థీమ్ మార్చడం. కొత్త రంగులు, కొత్త మెనూ, వీలైతే కొత్త డొమైన్ పేరు. వారం గడిచిపోతుంది, వ్యాసాలు మాత్రం ఒక్కటీ పెరగవు. రూపం మార్చుకోండి, తప్పేం లేదు. కానీ ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేల్చుకోకుండా రంగుల దగ్గర మొదలుపెడితే ఆ శ్రమంతా వృథా.

ఈ విషయంలో కోల్‌కతాలోని భవానీపూర్‌తో ముడిపడిన రెండు పత్రికల కథ పనికొస్తుంది. ఒకటి ఒక్క మనిషి పట్టుదల మీద, రెండోది ఒక కుటుంబం ఇష్టం మీద నడిచాయి. ఆ లెక్కన మన సొంత సైట్లకు దగ్గరి చుట్టాలే.

మొదటిది హిందూ పేట్రియాట్. నీలిమందు తిరుగుబాటు పక్కన ఒక్క ముక్కగా గుర్తుపెట్టుకుని వదిలేస్తాం. 1853లో మొదలైన ఈ ఇంగ్లిష్ వారపత్రికను కొన్నేళ్లలోనే హరీశ్ చంద్ర ముఖర్జీ తన చేతుల్లోకి తీసుకుని, ప్రెస్సును భవానీపూర్‌కు మార్చారు. ఆయన మిలిటరీ ఆడిటర్ జనరల్ ఆఫీసులో ఉద్యోగి. (ఉద్యోగం చేస్తూ చదువుతున్న మిత్రులు ఈ సంగతి గమనించాలి.) ఆయన చేతుల్లో పత్రికకు బలం తెచ్చింది జిల్లాల నుంచి వచ్చే ఉత్తరాలు. తోటల దొరల దౌర్జన్యాల మీద జెస్సోర్ నుంచి శిశిర్ కుమార్ ఘోష్ రాసి పంపేవారు. రైతులు నేరుగా భవానీపూర్‌లోని హరీశ్ ఇంటికే వచ్చేవారు, ఆయన వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారు. 1860లో ఇండిగో కమిషన్ ముందు సాక్ష్యం కూడా చెప్పారు. ఇంగ్లిష్ రాని రైతు గోడు ఇంగ్లిష్ చదివే అధికారి బల్ల మీదికి చేరాలి. ఆ పత్రిక డిజైన్ అంటే నా దృష్టిలో అదే.

1861 జూన్‌లో, నలభై నిండకుండానే ఆయన చనిపోయారు. తర్వాత పత్రిక క్రిస్టోదాస్ పాల్ సంపాదకత్వంలో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కు, అంటే ప్రధానంగా జమీందార్లకు, గొంతుగా మారింది. కౌలు రైతుల హక్కుల కోసం బెంగాల్ టెనెన్సీ బిల్లు వచ్చినప్పుడు జమీందార్ల పక్షాన నిలబడింది. పాల్ సమర్థుడే, అందులో అనుమానం లేదు. పత్రిక పేరు కూడా మారలేదు. ఎవరి కోసం అన్నది మాత్రం తలకిందులైంది. మెయిన్స్‌లో పత్రికల పాత్ర మీద ప్రశ్న వస్తే ఈ రెండో సగం కూడా రాయండి.

రెండోది పిల్లల పత్రిక సందేశ్. సత్యజిత్ రే తాత ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టారు. 1923లో తండ్రి సుకుమార్ పోయారు, ఆ తర్వాత పత్రిక ఆగింది, ప్రెస్సు వ్యాపారమూ కూలింది. చిన్న సత్యజిత్ తల్లితో కలిసి భవానీపూర్‌లోని మేనమామ ఇంటికి చేరాడు. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి ఆయనే పత్రికను మళ్లీ తెచ్చారు. ప్రకటనల కంపెనీలో పనిచేసిన, పుస్తకాలకు అట్టలు వేసిన చెయ్యి కదా, పత్రిక రూపం కొత్తగా తయారైంది. పేరు, పాఠకుడు మాత్రం పాతవే. పేజీలు నిండాలంటే సరుకు కావాలి, అందుకని తానే కథలు రాయడం మొదలుపెట్టారు. ప్రొఫెసర్ శంకు 1961లో, ఫెలూదా 1965లో ఆ పేజీల్లోనే పుట్టారు. థీమ్ మార్చాక మీరు ఎన్ని వ్యాసాలు రాశారో ఒకసారి లెక్క చూసుకోండి.

ఇక మీ సైటు. దాన్ని చదివేది మండల కేంద్రంలో చిన్న ఫోన్‌తో, అయిపోవచ్చిన డేటాతో కూర్చున్న అభ్యర్థి అనుకోండి. కదిలే బొమ్మలు అతనికి దేనికి? చేతిరాత నోట్సును ఫొటో తీసి పెట్టినా, పాత డీటీపీ ఫాంటులో కొట్టి పెట్టినా గూగుల్‌లో వెతికితే సరిగా దొరకవు, చూపులేని అభ్యర్థి స్క్రీన్ రీడర్‌కూ అందవు. యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును ఆర్టికల్ 21లో భాగంగా చూసింది. జీఎస్-2 జవాబులో ఆ తీర్పును ఉదహరించి, మన నోట్సును మాత్రం ఫొటోలుగా పెట్టడం ఏం బాగుంటుంది?

అన్నిటికన్నా పెద్ద నష్టం పాత లింకులది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకలేదు. మీ పంచాయతీరాజ్ వ్యాసం లింకును ఎవరో టెలిగ్రామ్‌లో దాచుకుని ఉంటారు. మెయిన్స్ ముందు రోజు రాత్రి నొక్కితే ఖాళీ పేజీ వస్తే? డొమైన్ మార్చేటట్లయితే ముందు పాత లింకులన్నీ కొత్త పేజీలకు రీడైరెక్ట్ చేయండి. అది కుదరదంటే డొమైన్ మార్చకండి. పాత వ్యాసంలో తప్పు దొరికితే తుడిచెయ్యకుండా దిద్ది, దిద్దిన తేదీ కింద వేయండి.

ఇవన్నీ అయ్యాక రంగులు చూసుకోండి. దానికి ఒక ఆదివారం సాయంత్రం చాలు.