ఉంగరం పోతే శకుంతలది తప్పా?



తెలుగు పండితునికి మేఘమంటే కాళిదాసు మేఘమే. యక్షుని సందేశం మోసుకొని అలకాపురికి బయలుదేరిన ఆ మేఘం దారిలో ఎవరినీ నిలదీయలేదు. పదవీ విరమణ అనంతరం నాకు తటస్థపడిన క్లౌడు అటువంటిది కాదు. "నీవెవరు? నిదర్శనమేమి?" అని అడుగడుగునా ప్రశ్నిస్తుంది. సమాధానం తృప్తికరంగా లేకపోతే ఒక సంఖ్యను, అర్థం కాని ఒక వాక్యాన్ని చూపించి తలుపు మూసుకొంటుంది. ఆ తలుపు దగ్గర నేను చేసిన ఒక తప్పును, దాని నుండి నాకు ఏర్పడిన ఒక అభిప్రాయాన్ని మీ ముందుంచుతున్నాను.

మా ఊరిలో పూర్వ విద్యార్థులు నడిపే చిన్న గ్రంథాలయం ఒకటున్నది. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉన్నదీ, ఏది తిరిగి వచ్చినదీ ఒక పూర్వ విద్యార్థి తయారుచేసి ఇచ్చిన వెబ్‌సైటులో నమోదు చేస్తూ ఉంటాం. మొదట్లో అందరికీ కలిపి ఒకటే సంకేతపదం. అది గోడకు తగిలించిన క్యాలెండరు వెనుక రాసి ఉండేది. ఒకనాడు దాదాపు 400 పుస్తకాల వివరాలు ఎవరి చేతనో పొరపాటున చెరిగిపోయినవి. అందరం ఒకే పేరుతో లోనికి వెళ్లేవారం గనుక అది ఎవరి చేయో తేలే మార్గం లేకపోయింది. వారం రోజులు ఒకరినొకరు అనుమానంగా చూసుకొన్నాం. అప్పుడు ప్రతి కార్యకర్తకూ తన పేరు, తన సంకేతపదం, దానిపైన ఫోనులో కనిపించే ఆరంకెల సంఖ్య ఉండాలనీ, ఈ గుర్తింపు పని ఒక క్లౌడు సేవకు అప్పగించాలనీ తీర్మానించాం. తీరిక గలవాణ్ణి గనుక నిర్వాహక పదవి నన్ను వరించింది. ఆ సేవ పేరు ఇక్కడ అప్రస్తుతం. ఈ కథలో తప్పు దానిది కాదు.

తొలిరోజే తలుపు మూసుకొన్నది. తిరిగి పంపవలసిన చిరునామా నమోదైన చిరునామాతో సరిపోలడం లేదని దాని సారాంశం. వాడుకరి మా స్థలంలో ప్రవేశం కోరగానే స్థలం అతణ్ణి గుర్తింపు సేవ వద్దకు పంపుతుంది. అక్కడ తానెవరో నిరూపించుకొన్న పిమ్మట సేవ అతణ్ణి మళ్లీ మా స్థలానికి పంపుతుంది. ఏ చిరునామాకు పంపాలో ముందుగా నమోదు చేసి ఉంచాలి. దానిని రీడైరెక్ట్ యూఆర్ఐ అంటారు. నేను నమోదు చేసిన దాని చివర ఒక ఏటవాలు గీత ఉన్నది. మా స్థలం పంపిన దానిలో లేదు. రెండింటినీ కాగితం మీద ఒకదాని క్రింద ఒకటి రాసుకొని అక్షరం అక్షరం పోల్చుకొంటే గాని ఆ భేదం నా కంటబడలేదు.

ఒక్క గీతకు ఇంత పట్టింపా అని విసుక్కొన్నాను. కారణం తెలిసిన తరువాత విసుగు పోయింది. చిరునామా ఇంచుమించు సరిపోయినా చాలునని ఒప్పుకొంటే, దొంగ తన చిరునామాను ఆ ఇంచుమించులో ఇరికించి, మన గుర్తింపు పత్రాన్ని తన ఇంటికి రప్పించుకోగలడు. అందుకే 2014లో వెలువడిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ నిర్దేశం ఇక్కడ అక్షరశః సరిపోలికను కోరింది. ఓఆథ్ 2.0 భద్రత గురించి 2025లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9700 కూడా ఒక చిన్న మినహాయింపుతో అదే నియమాన్ని విధించింది. ఛందస్సు చెప్పినవాడికి ఇది వింత కాదు. గురువు ఉండవలసిన చోట లఘువు పడితే, భావం బాగున్నది గదా అని గణభంగాన్ని ఎవరూ మన్నించరు.

రెండవనాడు మరొక అవరోధం. వాడుకరి వలెనే మా స్థలం కూడా తానెవరో ఆ సేవకు నిరూపించుకోవాలి. అందుకు క్లయింట్ సీక్రెట్ అనే రహస్యాన్ని ఇస్తారు. తెర మీద ఆ రహస్యపు విలువ, దాని ప్రక్కనే ఆ రహస్యానికి గుర్తుసంఖ్య ఉన్నవి. నేను విలువకు బదులు గుర్తుసంఖ్యను అతికించాను. తాళంచెవి పంపమంటే దానికి కట్టిన బిళ్ల మీది నంబరు పంపినట్లయింది. సరిదిద్దుదామంటే ఆ విలువ పుట్టినప్పుడు ఒక్కసారే కనిపిస్తుందట. కొత్త రహస్యం పుట్టించి, దానికి గడువుంటుందని తెలుసుకొని, ఆ తేదీని పంచాంగంలో గుర్తు పెట్టుకొన్నాను.

ఈ రెండు సందర్భాలలోనూ నేను నా వయస్సును గాని, నా బుద్ధిని గాని శంకించలేదని గమనించ ప్రార్థన. యంత్రం ఏదో అంటున్నది, ఏమంటున్నదో చూద్దామని ఓపికగా కూర్చొన్నాను. మూడవసారి తలుపు బయట నిలబడినది నేను కాదు. అప్పుడు నా ఓపిక ఏమైపోయిందో తెలియదు.

నాతోపాటు పనిచేసి విరమించిన లెక్కల మాస్టారు ఒకరు గ్రంథాలయానికి ప్రతిదినం వచ్చేవారు. వయస్సు డెబ్బై దాటింది. మా కొలువులో ఆయన ప్రార్థన గంట తరువాత బడిలో అడుగు పెట్టడం ఎవరమూ ఎరుగం. ఆయన సంకేతపదం కొట్టేవారు, ఫోను చూసి ఆరంకెలూ కొట్టేవారు, ధ్రువీకరణ విఫలమైనదని తెర మీద వచ్చేది. మూడు దినాలు ఇదే తంతు.

"సరిగానే కొడుతున్నానండీ, పండితులవారూ" అన్నారాయన.

"యంత్రం అబద్ధమాడుతుందా మాస్టారూ? కళ్లజోడు మార్చే వేళయిందేమో చూసుకోండి" అన్నాను, నలుగురి ఎదుట.

ఆయన నవ్వి ఊరుకొన్నారు. ప్రక్కనున్న యువకుడొకడు, "పెద్దాయనకెందుకండీ ఈ బాధ? రెండో తాళం తీసేయండి. లేదా మీ పేరుతోనే వెళ్లమనండి" అని సలహా ఇచ్చాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఒకరి సంతకం ఇంకొకరు పెట్టకూడదని జీవితమంతా పిల్లలకు చెప్పాను బాబూ" అని లేచి వెళ్లిపోయారు. మరునాడు రాలేదు. వారం గడిచినా రాలేదు.

అప్పుడు గాని నేను మొదటిరోజే చేయవలసిన పని చేయలేదు. నిర్వాహకునికి మాత్రమే కనిపించే ప్రవేశాల పట్టిక ఒకటుంటుంది. బడిలో హాజరుపట్టీ వంటిది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ మెట్టు దాటారు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారు అన్నీ అందులో ఉంటాయి. మాస్టారి పేరు మీద 11 ప్రయత్నాలున్నవి. పదకొండింటిలోనూ సంకేతపదం సరిగానే ఉన్నది. పదకొండింటిలోనూ రెండవ మెట్టే విఫలమైనది. ఒక మనిషి పెద్ద సంకేతపదాన్ని పదకొండు మార్లు అక్షరం పొల్లుపోకుండా కొట్టి, ఆరంకెలను మాత్రం పదకొండు మార్లూ తప్పు కొడతాడా? ఈ ప్రశ్న నాకు వారం ముందే తోచి ఉండవలసింది.

ఆ సాయంకాలం వారి ఇంటికి వెళ్లాను. గోడ గడియారం పది నిమిషాలు ముందున్నది. ఆయన చేతి గడియారం చూశాను, అదీ ముందే. ఫోను అడిగి తీసుకొని చూశాను. అదీ పది నిమిషాలు ముందే! ఎక్కడికీ ఆలస్యంగా వెళ్లకూడదని ఆయన ఇంటిలోని ప్రతి గడియారాన్నీ ఏనాటి నుండో ముందుకు తిప్పి ఉంచుతారట.

మిత్రులలో కొందరికి విషయం అప్పుడే బోధపడి ఉంటుంది. తెలియనివారి కోసం చెబుతాను. ఫోనులో కనిపించే ఆ ఆరంకెలు ఎక్కడి నుండో వచ్చేవి కావు. 2011 నాటి ఆర్ఎఫ్‌సీ 6238లో వివరించిన పద్ధతి ఇది. మొదట్లో ఒక్కసారి ఫోనూ సేవా ఒక రహస్యాన్ని పంచుకొంటాయి. ఆ పైన రెండూ మాట్లాడుకోవు. 1970 జనవరి 1 నుండి గడచిన సెకండ్లను 30 చొప్పున భాగించి, ఆ లెక్కను రహస్యంతో కలిపి, ఎవరికి వారే అంకెలను పుట్టించుకొంటారు. రెండు గడియారాలూ కలిస్తేనే అంకెలు కలుస్తాయి. అంకెలు చేరడంలో జరిగే జాప్యానికి ఒక్క అడుగు వరకు సహించవచ్చునని ఆ పత్రం సూచిస్తున్నది. ఇంతవరకు నేను చెప్పగానే మాస్టారు వేళ్లు మడిచి, "పది నిమిషాలంటే 600 సెకండ్లు. 30 చొప్పున 20 అడుగులు. ఇరవై అడుగులు ముందు నడిచేవాణ్ణి ఎవరు గుర్తు పడతారు లెండి" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం ఉన్నదో లేదో నేను అడగలేదు.

అభిజ్ఞాన శాకుంతలం మనందరికీ తెలిసిన కథ. అభిజ్ఞానమంటే గుర్తు, ఇక్కడ దుష్యంతుని ఉంగరం. శచీతీర్థంలో అది వ్రేలి నుండి జారిపోయింది. దుర్వాసుని శాపం వలన రాజు మరచిపోయాడు. నిండుసభలో నిలిచిన శకుంతల మాత్రం శకుంతలే. గుర్తు కనబడలేదని రాజు మనిషినే అబద్ధమన్నాడు. నేను మా గ్రంథాలయంలో చేసినదీ అదే. యంత్రం చెప్పినది ఆ అంకెలు తన లెక్కతో కలవలేదని మాత్రమే. మాస్టారికి కళ్లు కనబడవని అది అనలేదు. ఆ వ్యాఖ్యానం నాది.

గుర్తింపు సేవలను నెలకొల్పే వారందరికీ నా మనవి ఇదే. దోషసందేశాన్ని చదవకముందు మనిషిని అనుమానించకండి. పద్యం చెప్పేటప్పుడు పదచ్ఛేదం, ప్రతిపదార్థం, అన్వయం చేసి గాని తాత్పర్యం చెప్పం. సందేశానికీ ఆ మర్యాద చేయాలి. ఉదాహరణకు మైక్రోసాఫ్టు వారి ఎంట్రా ఐడీలో (2023లో పేరు మారక పూర్వం అజూర్ యాక్టివ్ డైరెక్టరీ) ఒక్కొక్క దోషానికి ఒక్కొక్క సంఖ్య ఉన్నది. 50011 అంటే తిరిగి పంపే చిరునామా కలవలేదని. 50126 అంటే పేరో సంకేతపదమో తప్పని. 500121 అంటే రెండవ మెట్టు విఫలమైనదని. 7000215 అంటే రహస్యం చెల్లలేదని, 7000222 అంటే రహస్యానికి గడువు తీరినదని. ఈ ఐదింటిలో మూడు పూర్తిగా నిర్వాహకుని పనికి సంబంధించినవి. వాటిని చూసి వాడుకరిని కసరుకోవడం, ప్రశ్నపత్రంలో అచ్చుతప్పుకు విద్యార్థిని దండించడం వంటిది.

సాధారణ వెబ్ సంఖ్యలలోనూ ఒక చిక్కున్నది. 401కి అన్‌ఆథరైజ్డ్ అని పేరు పెట్టారు. పేరును బట్టి అర్హత లేదని తోస్తుంది. నిర్దేశంలోని అర్థం మాత్రం నీవెవరో ఇంకా రుజువు కాలేదని. రుజువైనా నీకు అనుమతి లేదని చెప్పేది 403. మొదటిదానికి గుర్తింపును, రెండవదానికి అధికారాన్ని సరిచూడాలి. పేరును నమ్మి అర్థాన్ని వదిలితే తప్పు తలుపు తడుతూ కూర్చొంటాం.

పేరు తప్పో, సంకేతపదం తప్పో సందేశం ఎందుకు విప్పి చెప్పదని కొందరు విసుక్కొంటారు. అది బుద్ధిపూర్వకమైన మౌనమే. పేరు సరైనదని చెబితే, ఎవరెవరికి ఖాతాలున్నవో దొంగ సులభంగా తెలుసుకొంటాడు. వీధి తలుపు దగ్గర క్లుప్తంగా మాట్లాడే ఆ సేవ లోపలి పట్టికలో వివరంగా రాసి పెడుతుంది. అది చదివే హక్కు నిర్వాహకునికి ఒక్కడికే ఉన్నది గనుక, చదవవలసిన బాధ్యతా అతనిదే. చదవకుండా తీర్పు చెబితే బయట నిలబడినవాడికి వాదించుకొనే సాధనం లేదు.

ఇక తాళమే తీసివేయమన్న సలహా సంగతి. అది దయ వలె కనిపిస్తుంది గాని, దయ కాదని నా నమ్మకం. రెండవ మెట్టు తీసివేసి ఉంటే ఆనాటికి పని జరిగేది. ఆయన చేతకానివాడనే ముద్ర మాత్రం అలాగే మిగిలేది. నా పేరుతో పంపి ఉంటే మళ్లీ క్యాలెండరు వెనుక సంకేతపదం నాటికి వచ్చేవాళ్లం. పెద్దవారికి తాళాలు తగ్గించడం కంటె, తాళం ఎందుకు పడలేదో వారి ప్రక్కన కూర్చొని చూడడం మేలు. మా విషయంలో అందుకు పట్టిన కాలం పావుగంట.

మాస్టారు తమ ఫోనుకు కాలాన్ని తానే సరిదిద్దుకొనే అనుమతి ఇచ్చారు. పన్నెండవ ప్రయత్నంలో తలుపు తెరుచుకొన్నది. నలుగురి ఎదుట అన్నమాట గనుక నలుగురి ఎదుటే క్షమాపణ చెప్పుకొన్నాను. "పోనిద్దురూ, లెక్క తేలింది గదా" అన్నారాయన. చేతి గడియారం మాత్రం ఇప్పటికీ పది నిమిషాలు ముందే ఉన్నది. నేను వెళ్లేసరికి ఆయన వచ్చి కూర్చొనే ఉంటారు.

సాంకేతిక విషయాలలో నేను విద్యార్థిని. పొరపాట్లుంటే పెద్దలు, పిన్నలు సరిదిద్దగలరు. మీకు ఇటువంటి అనుభవాలుంటే తెలియజేయ ప్రార్థన.

స్వస్తి.