చూసినవాళ్లు ఎవరికి చెప్పాలి?

రాజురా మనకు పరాయి ఊరు కాదు. మహారాష్ట్రలోని మన బల్లార్‌పూర్ నుంచి వార్ధా నది దాటితే వచ్చేస్తుంది. 1956కు ముందు అది ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. బల్లార్‌పూర్ కాగితం మిల్లునో, బొగ్గు గనులనో, రైల్వేనో నమ్ముకుని ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ వైపు చుట్టరికాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాజురాలో 2019 ఏప్రిల్‌లో ఒక ఇంగ్లీషు మీడియం పాఠశాల హాస్టల్లో ఉంటున్న ఆదివాసీ బాలికలు జబ్బుపడ్డారు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్లకు అనుమానం వచ్చింది. అది లైంగిక అత్యాచారం కేసయింది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాల్సిన హాస్టల్ బాధ్యులనే పోలీసులు అరెస్టు చేశారు. పరిహారం డబ్బు కోసమే తల్లిదండ్రులు ఫిర్యాదులు చేస్తున్నారన్న అర్థం వచ్చేలా మాట్లాడిన రాజకీయ నాయకులు జనాగ్రహాన్ని చూడాల్సి వచ్చింది.

ఆ మాటల సంగతి జనం తేల్చారు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది వేరే విషయం. పిల్లలు రాత్రీ పగలూ ఉండేది హాస్టల్లో. అక్కడ వార్డెన్ ఉంటాడు, వంటమనిషి ఉంటుంది, పాఠం చెప్పే టీచర్లు ఉంటారు. ఇంతమంది మధ్య ఉన్న పిల్లల బాధ ఆస్పత్రిలో డాక్టరు కంటపడే దాకా బయటికి రాలేదు.

2024 ఆగస్టులో ఠాణే జిల్లా బద్లాపూర్‌లో నాలుగేళ్ల వయసు పిల్లలిద్దరి మీద బడిలో పనిచేసే సఫాయి ఉద్యోగి అఘాయిత్యం చేశాడన్న కేసు దేశమంతా చూసింది. అందులో మనం మరిచిపోకూడని సంగతి ఒకటుంది. వాళ్లలో ఒక పిల్ల బడికి పోనని మొరాయిస్తోంది, భయపడుతోంది. మారాం చేస్తోందిలే అని ఆ ఇంటివాళ్లు ఊరుకోలేదు. పక్క పిల్ల ఇంటికి ఫోన్ చేసి, మీ పాప ఎలా ఉంది అని అడిగారు. అక్కడా అదే భయం. ఆ ఒక్క ఫోనుతో విషయం బయటికొచ్చింది. ఆ తర్వాత పోలీస్ స్టేషన్లో కేసు రాయించుకోవడానికే తల్లిదండ్రులు గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. ఆగస్టు 20న జనం రైలు పట్టాల మీదికి వచ్చారు. బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి పోలీసులనూ బడినీ నిలదీసింది. తల్లిదండ్రులు గమనించారు, అడిగారు, చెప్పారు. వినాల్సినవాళ్లు వినడానికే అన్ని రోజులు పట్టింది.

పెద్దవాళ్లు పిల్లల మీద చేసే హింస ఇది. పిల్లలు పిల్లల మీద, ఒక్కోసారి టీచర్ల మీద చేసే హింస కూడా మన ముంగిట్లోకి వచ్చింది. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదో తరగతి కుర్రాడు క్లాసులోనే టీచర్‌ను పొడిచి చంపాడు. ఆమె అతని రిపోర్టు పుస్తకంలో రాసిన రిమార్కులు కోపానికి కారణమన్నారు. 2024 ఆగస్టు 16న ఉదయ్‌పూర్‌లో పదో తరగతి పిల్లవాణ్ని తోటి విద్యార్థి కత్తితో పొడిచాడు. ఆ పిల్లవాడు ఆస్పత్రిలో చనిపోయాడు. ఊళ్లో వాహనాలు తగలబడ్డాయి, ఇంటర్నెట్ ఆపేశారు. ఏడాది తిరిగేసరికి అహ్మదాబాద్‌లో మళ్లీ అదే తరహా హత్య. ఇద్దరు పిల్లల తగాదా బడి గేటు దాటేసరికి మతాల తగాదా అయిపోతోంది. తెలుగు, మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ ఒకే గల్లీలో బతికే బల్లార్‌పూర్ లాంటి ఊరికి ఇది ఎంత ప్రమాదమో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలాంటివి మెరుపులా వచ్చి పడవు. అమెరికాలో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 వరకు బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. ప్రతి ఐదు ఘటనల్లో నాలుగింటిలో, ఆ పిల్లవాడు ఏదో చేయబోతున్నాడని కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. ఆ తెలిసినవాళ్లు ఎక్కువగా స్నేహితులు, తోటి విద్యార్థులు, తోడబుట్టినవాళ్లు. దాడి చేసినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందే ఎవరినో ఒకరిని కంగారుపెట్టేలా ప్రవర్తించారు. చాలామంది తాము వేధింపులు పడ్డామన్నారు. మన దగ్గర తుపాకీ బదులు కత్తి ఉంటుంది, బెల్టు ఉంటుంది, క్రికెట్ స్టంపు ఉంటుంది. ముందే ఎవరికో తెలియడం మాత్రం ఇక్కడా అంతే. రేపు బడి బయట చూసుకుందామని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట క్లాసంతా చదువుతుంది. టీచరుకు తప్ప అందరికీ తెలుస్తుంది.

అదే నివేదిక ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. దాడి చేసే పిల్లవాడు ఇలా ఉంటాడని గీయడానికి ఒక నమూనా అంటూ లేదు. చక్కగా చదివేవాడూ ఉన్నాడు, వెనకబడ్డవాడూ ఉన్నాడు. ఒంటరివాడూ ఉన్నాడు, పదిమంది స్నేహితులున్నవాడూ ఉన్నాడు. ప్రమాద సంకేతాల జాబితా చేతిలో పెట్టగానే మనవాళ్ల చూపు ఎటు వెళ్తుందో నాకు తెలుసు. గని కార్మికుల క్వార్టర్ల నుంచి వచ్చే పిల్లవాడు, తండ్రి తాగే పిల్లవాడు, దళితుల పిల్లవాడు, ముస్లింల పిల్లవాడు ముందే అనుమానితుల వరుసలో నిలబడతారు. పదమూడేళ్లవాణ్ని నువ్వు రౌడీవిరా అని రోజూ అంటూ ఉంటే వాడికి ఇంకో దారి చూపించినట్టు కాదు. మనిషిని బట్టి అనుమానించడం వేరు, మార్పును గమనించడం వేరు. నిన్నటి దాకా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల చివరి బెంచీకి మారింది. టిఫిన్ డబ్బా తెరవకుండా ఇంటికి తెస్తోంది. ఎప్పుడూ లేనిది ప్రతి సోమవారం కడుపునొప్పి. ఒక కుర్రాడు స్నేహితుల్ని వదిలేశాడు, చావు గురించి మాట్లాడుతున్నాడు, ఒకడి పేరు చెప్పి వాణ్ని వదలనంటున్నాడు. వీటిని పట్టుకోవడానికి పోలీసు కన్ను అవసరం లేదు. పిల్ల నిన్న ఎలా ఉందో తెలిసిన మనిషి ఉంటే చాలు.

చూసి కూడా ఏమీ చేయకపోతే ఏమవుతుందో మిషిగన్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు చూపించింది. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఓక్లాండ్ కౌంటీలోనే ఉంది ఆ ఊరు. 2021 నవంబరు 30 ఉదయం పదిహేనేళ్ల కుర్రాడి లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, నెత్తురోడుతున్న మనిషి బొమ్మ, నన్ను ఆదుకోండన్న రాత టీచరుకు కనిపించాయి. అంతకుముందు రోజే అతను ఫోన్లో తూటాల కోసం వెతకడం ఇంకో టీచరు చూసింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు. కౌన్సెలర్ మాట్లాడాడు. తల్లిదండ్రులు కొడుకును ఇంటికి తీసుకెళ్లలేదు. బడివాళ్లు సంచీ వెతకలేదు. అతన్ని తిరిగి క్లాసుకు పంపారు. మధ్యాహ్నానికి నలుగురు విద్యార్థులను కాల్చి చంపాడు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ కూడా పదేళ్లకు తగ్గని జైలు శిక్ష పడింది. ఆ కుర్రాడు సాయం అడుగుతూ రాసిన కాగితం ఇంతమంది పెద్దల చేతులు మారింది. దాన్ని చివరిదాకా పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ పిల్లవాడు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో మాట్లాడతాడు. చదువు మాటలు బడి భాషలో వస్తాయి గానీ సిగ్గు, భయం, ఒంటి మీద చెయ్యి పడిన సంగతి అమ్మ భాషలోనే వస్తాయి. ఆ మాటలు వినే అమ్మానాన్నలకేమో బడికి వెళ్లి మరాఠీలో టీచరుతో వాదించే ధైర్యం ఉండదు. నాన్నది షిఫ్టు డ్యూటీ. రాత్రి పనిచేసి పగలు పడుకునే మనిషికి పిల్లవాడు మేలుకుని ఉండగా ముఖం చూడటమే కష్టం. "పోరగాండ్లు గట్లనే ఉంటరు తీయ్" అన్న మాటతో ఎన్ని ఇళ్లలో ఎన్ని సంగతులు అక్కడికక్కడే ఆగిపోతున్నాయో! మద్రాసీ అని ఏడిపిస్తున్నారని పిల్లవాడు చెబితే, నువ్వే సర్దుకోరా అంటాం. రేపు అంతకంటే పెద్ద సంగతి మనకు చెప్పాలని వాడికి ఎందుకు అనిపిస్తుంది?

కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలతో సహా 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు చవిచూశామన్నారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకమైన స్థానాల్లో ఉన్నవాళ్లే. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. బడికి పోయే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ దెబ్బలను నిషేధించింది గానీ బెత్తం ఇంకా చాలాచోట్ల ఉంది. చెయ్యెత్తే టీచరు దగ్గరికి వెళ్లి ఏ పిల్లవాడూ తన భయం చెప్పుకోడు. పిల్లల మధ్య హింస ఆపాలంటే ముందు పెద్దల చేతిలోని బెత్తం కింద పడాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఏర్పాట్లు లేవని చెప్పడానికి లేదు. మహారాష్ట్రలో ప్రతి బడిలో తక్రార్ (ఫిర్యాదుల) పెట్టె ఉండాలి, పిల్లల భద్రత చూసే సఖీ సావిత్రి సమితి ఉండాలి. బద్లాపూర్ తర్వాత సీసీ కెమెరాలు పెట్టాలని, సిబ్బంది గత చరిత్ర పోలీసుల చేత పరిశీలింపజేయాలని మళ్లీ ఉత్తర్వులిచ్చారు. కెమెరా అవసరమే. కానీ జరిగినదాన్ని కెమెరా చూపిస్తుంది, జరగబోయేదాన్ని మనిషే పసిగట్టాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మన ఊళ్లో ఆ కౌన్సెలర్‌కు తెలుగు వచ్చి ఉంటే సగం పని అయినట్టే. రాకపోతే తెలుగు వచ్చిన టీచరమ్మ ఒకరు పక్కన కూర్చోవాలి.

ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు పిల్లలపై లైంగిక నేరాల విషయంలో చట్టం 2012 నుంచే జవాబు చెబుతోంది. అనుమానం ఉన్నా సరే, తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచితే ఆరు నెలల వరకు జైలు. దాచింది సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు. ముందు మేం లోపల విచారించుకుంటాం, బడి పేరు పాడవుతుంది అనే యాజమాన్యానికి ఆ హక్కు చట్టం ఇవ్వలేదు. తగాదాలు, బెదిరింపులు, వేధింపుల విషయంలో మొదట చెప్పాల్సింది క్లాస్ టీచరుకు, ఆమె వినకపోతే హెడ్మాస్టరుకు. పిల్లవాడి పేరు బయటపెట్టకుండా చూడాల్సిన బాధ్యత వాళ్లది. ఎవరూ పలక్కపోతే 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లలు కూడా చేయవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

ఈసారి బడిలో పాలక్ సభ (తల్లిదండ్రుల సమావేశం) పెట్టినప్పుడు షిఫ్టు మార్చుకునైనా వెళ్లండి. మార్కుల గురించి తర్వాత అడగొచ్చు. తక్రార్ పెట్టె ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంది, ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు, సఖీ సావిత్రి సమితిలో ఎవరెవరున్నారు అని అడగండి. మరాఠీ తడబడినా పర్వాలేదు, తెలుగులోనే అడగండి, పక్కవాళ్లు చెప్పి పెడతారు. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.