అప్పు సంఘంలో, సరుకు సొంత అంగట్లో



మన వడ్లు పుట్టి లెక్కన పోతాయి. పుట్టి అంటే 850 కిలోలు. అవే బియ్యమై, రంగుల సంచిలో పేరు మార్చుకుని తిరిగొస్తే 26 కిలోల లెక్కన కొంటాం. (25 కిలోల దాకా ముద్ర వేసి కట్టిన సంచికి 2022 నుంచి 5 శాతం పన్ను. ఆ ఒక్క కిలో ఎందుకు పెరిగిందో తెలిసిందిగా!) అమ్మేటప్పుడు ధర అవతలివాళ్లు చెబుతారు, కొనేటప్పుడూ వాళ్లే చెబుతారు. అమ్మకం గోడు ఇంకోసారి చెప్పుకుందాం. ఈ కాగితం కొనుగోలు గురించి.

అడిగేది ఒక్కటే. మన విడవలూరు మండలంలోని పొదుపు సంఘాల ఆడవాళ్లు కలిసి విడవలూరులో ఒక వినియోగదారుల సహకార అంగడి పెట్టాలి.

"సహకారమా? చూశాంలే" అనేవాళ్లున్నారు. కోవూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డం చూసినవాళ్లు ఆ మాట అంటే తప్పు పట్టలేం. అందుకే ఇలాంటి అంగళ్లు ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ కూలాయో ముందు చూద్దాం.

1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో కొందరు నేతగాళ్లు, మరికొందరు పనివాళ్లు కలిసి ఒక చిన్న అంగడి తెరిచారు. వాళ్లు 28 మంది, మూలధనం 28 పౌన్లు. అమ్మింది వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తుల వంటివి. వాళ్ల కట్టుబాట్లు మాత్రం గట్టివి. కల్తీ ఉండకూడదు, తూకం తప్పకూడదు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. మిగులు వస్తే ఎవరెంత సరుకు కొన్నారో దాన్నిబట్టి పంచాలి. అన్నిటికంటే ముఖ్యం, అరువు లేదు.

ఆ మాట మన దగ్గరికీ వచ్చింది. మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1904లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఇలాంటి సంఘం పుట్టింది. పెట్టినవాళ్లలో అప్పటికి బడిపంతులుగా ఉన్న వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి ఒకరు. అప్పటి సహకార చట్టం పరపతి సంఘాల కోసం చేసింది. తక్కిన సంఘాలకు దారి తెరిచింది 1912 చట్టం.

తర్వాతి కథ అంత బాగుండదు. రెండో ప్రపంచయుద్ధంలో కంట్రోళ్లు వచ్చాయి. కంట్రోలు సరుకు దొరుకుతుందని ఎక్కడపడితే అక్కడ సహకార స్టోర్లు వెలిశాయి. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో బియ్యం మీద కంట్రోలు ఎత్తేశాడు. కంట్రోళ్లు పోయేసరికి కోటా సరుకు మీద బతికిన స్టోర్లు చాలావరకు తలుపులు వేసుకున్నాయి. 1962 చైనా యుద్ధం తర్వాత ధరలు మండితే కేంద్రం మళ్లీ డబ్బిచ్చి పట్టణాల్లో హోల్‌సేల్ స్టోర్లు పెట్టించింది. 1966లో ఢిల్లీలో సూపర్ బజార్ తెరిచారు. మన విజయవాడ, విశాఖల్లోనూ సూపర్ బజార్లు వచ్చాయి. ఢిల్లీది చివరికి నష్టాలతో మూతబడింది. సర్కారు పెట్టుబడితో మొదలైన చోట పెత్తనం అధికారిదే అవుతుంది. సభ్యుడు రిజిస్టర్లో పేరుగా మిగులుతాడు. తనది కాని అంగడి మూతబడితే ఎవరు ఏడుస్తారు?

నిలబడ్డదానికి తెలంగాణలోని ముల్కనూరు చూడండి. 1956లో విశ్వనాథరెడ్డి అనే రైతు నాయకుడు ఊరివాళ్లను పోగేసి సంఘం పెట్టాడు. సభ్యులే యజమానులుగా అది ఈనాటికీ నడుస్తోంది. అలా నడవడానికి మనకు చట్టం కూడా ఉంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దేశంలో ఈ తరహాలో మొదటిది. వేర్వేరు కుటుంబాలవాళ్లు పదిమంది చాలు సంఘం నమోదుకు. అందులో సర్కారు వాటా ఉండదు. రాష్ట్రంలో మహిళా సమాఖ్యలు చాలావరకు ఆ చట్టం కిందే నమోదయ్యాయి.

ఇక అసలు చిక్కు, అరువు. మా నాయన ఖాతా పుస్తకం నాకు బాగా గుర్తు. కోత అయ్యాక తీర్చేవాడు. ఒక్కసారి కూడా రేటు అడిగిన పాపాన పోలేదు. అడిగితే రేపు అరువు పుట్టదు కదా! అంగడాయన చెడ్డవాడని కాదు. మా ఇంట్లో చావు జరిగిన రాత్రి తలుపు తీసి బియ్యం ఇచ్చింది ఆయనే. కానీ అప్పూ సరుకూ ఒకే చేతిలో ఉంటే, కొనేవాడికి నోరుండదు. రామతీర్థం బెస్తవాళ్లనడగండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల అరువు తర్వాతి వేటంతా వెంటాడుతుంది.

కాబట్టి ఆ రెండింటినీ విడదీయాలి. అప్పు పొదుపు సంఘం ఇస్తుంది, అంగట్లో రొక్కమే. సంఘంలో పదిమందికీ పదిమంది ఇంటి సంగతీ తెలుసు, వసూలు అక్కడే జరుగుతుంది. అంగడి అప్పుల్లో మునగదు. వేట లేని నెలలకు, నాట్లకు ముందు నెలలకు సంఘాలు ముందే కొంత తీసిపెట్టుకోవాలి.

లెక్క చూద్దాం. 300 కుటుంబాలు తలా వెయ్యి వాటా వేస్తే 3 లక్షలు. ఇంటికి నెలకు 4 వేల సరుకు అనుకుంటే 12 లక్షల అమ్మకం. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి వారం వారం సరుకు తెచ్చుకుంటే ఆ 3 లక్షలే నెలకు నాలుగుసార్లు తిరుగుతాయి. ఖరీదు మీద 5 శాతం వేసుకున్నా 57 వేలు. బాడుగ, బండి కిరాయి, ఇద్దరి జీతం, కరెంటు పోతే మిగిలేది కొంచెమే. మొదటి ఏడాది బోనస్ ఆశ పెట్టుకోవద్దు. సరైన తూకం, కల్తీ లేని నూనె, పప్పు దొరికితే అదే లాభం. ప్రతి నెలా జమాఖర్చు అంగడి గోడ మీద అంటించాలి. అది తప్పిన నెలే అనుమానపడండి.

మనవాళ్లకు చేతకాదంటారా? మన జిల్లా దూబగుంటలోనే ఆడవాళ్లు సారా అంగడి మూయించారు, రాష్ట్రమంతా కదిలింది. ఈ జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరున రోజుకో రూపాయి దాచారు. వ్యవసాయ కూలీలను సంఘంగా కట్టిన సుందరయ్య పుట్టిన అలగానిపాడు మన మండలంలోదే. సారా అంగడి మూయించిన జిల్లాకు సరుకుల అంగడి తెరవడం బరువా?

వచ్చే సంఘం మీటింగుకు ప్రతి ఒక్కరూ ఒక నెల సరుకుల చీటీ తీసుకురండి. బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బు ఎంతకు కొన్నారో రాసి ఉండాలి. అన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే ఊళ్లో ఒకే పప్పుకు ఎన్ని ధరలున్నాయో చూశాక, సరేననుకున్నవాళ్లు తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టండి. పది కుటుంబాలు కుదిరిన రోజే నమోదుకు కాగితాలు మొదలుపెడదాం.

ఇట్లు,
విడవలూరు వాసి ఒకడు