ఒక్క గానుగ గల యూరు

న్యూజీలాండు దేశమున, ముఖ్యముగా ఆక్లండు నగరమున, మన తెలుగు కుటుంబము లనేకములు కాపురమున్నవి. అచ్చటి కూతుండ్రతో, కోడండ్రతో తెరపై మొగములు చూచుకొని మాటలాడు తల్లులు మన పాఠకురాండ్రలో లేకపోరు. అంత సంపద, అంత చదువు గల దేశమున నింటింటికి ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీలు పోటీపడి చౌకగా నేల యీయజాలకపోయెను? 2000వ సంవత్సరము తరువాత బహుకాల మచ్చటి గృహిణులు నెలకిన్ని గిగాబైట్లని కొలిచి పోసిన నూనెవలె దానిని పొదుపుగా వాడుకొనవలసివచ్చెను. ఈ మాసము ఆ సంగతి ముచ్చటించుకొందము.

పది గడపల పల్లెలో గానుగ యొక్కటే యుండును. గానుగవాడు ధర హెచ్చించినాడని వేరొకడు రెండవ గానుగ నాటెననుకొందము. ఎద్దులు రెట్టింపయ్యెను, గానుగలు రెట్టింపయ్యెను. ఆడవలసిన నువ్వులు మాత్రము మునుపటివే. ఏడాది తిరుగకమునుపే ఒకడు మూటగట్టుకొని పోవును. లేదా యిద్దరును చేతులు కలుపుదురు. ఊరివారికి దక్కినదేమి?

ఇంటింటి తీగ విషయమున నీ చిక్కు మరింత గట్టిది. తీగ ఖరీదుకంటె వీధి త్రవ్వి పూడ్చుటకగు ఖర్చే మిక్కుటము. ఆ వీధిలో పదియిండ్లు చేరినను, ఒక్క యిల్లే చేరినను త్రవ్వకపు ఖర్చు తగ్గదు. న్యూజీలాండు వైశాల్యము సుమారు 2,68,000 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశమున కొకటిన్నర రెట్లకు మించినది. జనులో, 53 లక్షలకు అటునిటుగా. 2011 జనాభా లెక్కలనాటికే మన హైదరాబాదు నగరమొక్కటి 60 లక్షలు దాటినది! అందును మూడవవంతు జనులు ఆక్లండులోనే యుండగా, తక్కినవారు కొండలలో, పచ్చికబయళ్ళలో, చిన్న చిన్న యూళ్ళలో చెదరియున్నారు. 1990వ దశకపు చివరినుండి వేరొక కంపెనీ వెల్లింగ్టను, క్రైస్టుచర్చి ప్రాంతములలో తనదగు రెండవ తీగను పరచెను గాని, దేశమంతట వ్యాపింపలేకపోయెను. నువ్వులు చాలలేదన్నమాట.

ఊరిలోని తీగ యట్లుండగా, ఊరు దాటుటకు సముద్రమొకటి. పొరుగనదగిన ఆస్ట్రేలియాయే రెండువేల కిలోమీటర్ల దూరము. 2000లో సదరన్ క్రాస్ అను సముద్రాంతర తీగ ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫిజీ, హవాయి దీవులను అమెరికాతో కలిపెను. అందు సగము వాటా ఎవరిది? ఇంటింటి తీగ గల టెలికాం కంపెనీదే. పసిఫిక్ ఫైబరు అను సంస్థ 2010లో పోటీగా మరియొక తీగ వేయబూని, కావలసిన 40 కోట్ల డాలర్లు పోగుపడక 2012లో ఆ ప్రయత్నమును విడిచినది. తరువాత 2018లోగాని హవాయికి, అమెరికాకు పోవు హవైకీ అను వేరొక తీగ పనికి రాలేదు.

ఇక ఆ టెలికాం కంపెనీ పుట్టుపూర్వోత్తరములు వినుడు. 1987లో తపాలాశాఖనుండి దానిని విడదీసిరి. 1989లో ఎవరైనను ఈ వ్యాపారము చేయవచ్చునని ద్వారములు తెరచిరి. 1990లో దానిని రెండు అమెరికా కంపెనీలకు 425 కోట్ల న్యూజీలాండు డాలర్లకు విక్రయించిరి. స్థానికముగా చేయు ఫోనుమాటలకు గృహస్థులనుండి రుసుము తీసికొనకుండు పద్ధతి నిలుపవలెనన్న షరతు మాత్ర ముంచిరి. ఆ షరతు పెట్టినవారిని మెచ్చవలసినదే. కాని తీగను పోటీదారుల కే ధరకు వాడనీయవలెనో చెప్పుటకు ప్రత్యేకాధికారి నొకని నియమింపరైరి. సామాన్య చట్టములు, న్యాయస్థానములు చాలునని వారి నమ్మకము. క్లియర్ అను పోటీ కంపెనీకిని దీనికిని నడచిన వ్యాజ్యము లండనులోని ప్రివీకౌన్సిలు దాక పోయి, 1994లో టెలికాం పక్షమున తీర్పయ్యెను. బాటయు తనదే, ఆ బాటప్రక్క అంగడియు తనదే యైన వర్తకుడు ఎదుటి యంగడికి పోవువారికి దారి చక్కగా విడుచునని యాశించుట అమాయకత్వము గాదా?

2001లో చట్టము చేసి కమీషనరును నియమించిరి. టెలికాం తన రాగితీగలను ఇతరులకు బాడుగకీయవలెనని 2006 మేలోగాని ప్రభుత్వము నిశ్చయింపలేదు. ఆ నిర్ణయపు కాగితము ముందుగనే వెలికిపొక్కి టెలికాం వారికి చేరుటచే, బడ్జెటుదాక దాచదలచినదానిని తొందరపడి ప్రకటింపవలసివచ్చెను. అసలు మార్పు 2011లో వచ్చినది. దేశమంతట గాజుతీగ, అనగా ఫైబరు, పరచుటకు ప్రభుత్వము సొమ్మిచ్చుచు నొక నిబంధన పెట్టెను: ఈ తీగ వేయువాడు ఇండ్లకు నేరుగా నమ్మరాదు. ఆ పనిలో పాల్గొనగోరిన టెలికాం రెండుగా చీలవలసివచ్చెను. తీగలు కోరస్ అను కంపెనీకి పోయినవి. అంగడి మిగిలి, 2014లో స్పార్క్ అని పేరు మార్చుకొన్నది. 2022 చివరకు జనులలో 87 శాతమునకు అందునట్లు గాజుతీగ పరచుట పూర్తియైనది.

నా యభిప్రాయమున నిదియే యా దేశము కనిపెట్టిన తెలివి. రెండవ గానుగ నాటుట కాదు. గానుగవానిచే నూనె అమ్మింపకుండుట. నేడొక్క తీగపైననే స్పార్క్, వన్ న్యూజీలాండు, టూడిగ్రీస్ మొదలుగా పలు అంగళ్ళు ఉన్నవి. కరెంటు కంపెనీలు సైతము దీపముతోపాటు ఇంటర్నెట్టును కలిపి యొకే బిల్లున అమ్ముచున్నవి. ఇంటివారు అంగడి మార్చుటకు చాలచోట్ల వీధి మరల త్రవ్వనక్కరలేదు. మన ఆడపడుచు లీ సదుపాయము నెరిగి, సంవత్సరమున కొకమారైన బిల్లులు సరిచూచుకొనుట మంచిది.

అట్లని పోటీ సంపూర్ణమని చెప్పజాలను. అంగళ్ళు పలువున్నను, ఆయా ప్రాంతమున గాజుతీగకు యజమాని సాధారణముగా నొక్కడే. అందుచేతనే 2022 జనవరినుండి కోరస్ తన గాజుతీగపై ఎంత రాబడి పొందవచ్చునో వాణిజ్య కమీషను హద్దు విధించుచున్నది. అంగళ్ళును కూడికలు సాగించుచున్నవి. 2022లో టూడిగ్రీస్, వోకస్ అను రెండొకటైనవి. మొబైలు కంపెనీలు తీగవానికి బాడుగ కట్టనొల్లక గాలిమీదనే ఇంటర్నెట్టు నిచ్చెదమని గృహస్థులను పిలుచుచున్నవి. ఇది కొంత నిజమైన పోటీ. మన దేశమున 2016లో జియో వచ్చినప్పుడు కోట్లకొలది జనులుండుటచే నంత పెట్టుబడి పెట్టుటకు సాహసము కలిగినది. అచ్చట నట్టి సాహసికునకు కొనువారే లేరు.

ఇక గాజుతీగ యందని పదుమూడు శాతము మాటేమి? వారిలో గొఱ్ఱెలు, పాడియావులు మేపుకొను పల్లెవారు కలరు. ఇంటికిని ఇంటికిని నడుమ కిలోమీటర్లు. ఆ యిల్లాండ్రలో పలువురకు స్తంభమునుండి వచ్చు సంకేతమో, ఆకాశమున తిరుగు ఉపగ్రహమో దిక్కు. పట్టణపు సోదరికి ఒక తీగపై పది అంగళ్ళుండగా, కొండలోయలోని సోదరికి ఎన్నిక యనునది తక్కువ.