స్కందర్‌ది ఏ మతం?

పేరు చెప్పగానే మా మతం తెలిసిపోతుంది. మతం తెలియగానే మా దేశమేదో మీరే తేల్చేస్తారు. ‘మీ పేర్లు ఈ మట్టివి కావు’ అంటాడు కాషాయం కప్పుకున్నవాడు. ‘పిల్లలకైనా మతం తెలియని పేర్లు పెట్టుకోరాదా’ అంటాడు సెక్యులర్ మిత్రుడు. ఇద్దరికీ కలిపి ఒక అల్బేనియా పేరు సంగతి చెబుతాం.

ఆ పేరు స్కందర్. అల్బేనియా ముస్లింల ఇళ్లలో మగపిల్లలకు పెట్టుకునే పేరు. దాని మొదలు గ్రీకు అలెగ్జాండర్. మొదటి ‘అల్’ని అరబ్బులు తమ భాషలోని ‘అల్’గా తీసుకుని విడదీస్తే ఇస్కందర్ అయింది. తుర్కుల నోట ఇస్కెందర్, అల్బేనియన్ల నోట స్కందర్, మా నోట సికందర్. అక్కడి క్రైస్తవులు ఇదే పేరును అలెక్సాందర్ అనీ, పొట్టిగా లెక అనీ పెట్టుకున్నారు. ఒకే పేరు, రెండు గడపలు.

ఇంకా వినండి. అల్బేనియా జాతీయ వీరుడు జెర్జ్ కస్త్రియోతి క్రైస్తవుల ఇంట పుట్టాడు. చిన్నప్పుడే ఒట్టోమన్ సుల్తాను కొలువుకు పోయి ముస్లిం అయ్యాడు, ఇస్కెందర్ అయ్యాడు. 1443లో సుల్తాను మీదే తిరగబడి, మళ్లీ క్రైస్తవుడై, 1468లో చనిపోయేదాకా పోరాడాడు. మతం వదిలాడు, కొలువు వదిలాడు. పేరు మాత్రం జనం వదల్లేదు. శత్రువు పెట్టిన పేరుతోనే ఈనాటికీ ఆయన స్కందర్‌బేగ్. క్రైస్తవులకూ ముస్లింలకూ ఆయన వీరుడే.

మరి పేరుకి మతం ఎక్కడ అతికించి ఉంది?

ఎన్వర్ హోజా పేరు మన వామపక్ష మిత్రులకు కొత్త కాదు. ఆయన ప్రభుత్వం 1967లో మసీదులూ చర్చీలూ మూసేసింది. 1975లో రాజకీయంగా, భావజాలపరంగా తగని పేర్లున్నవాళ్లు వాటిని మార్చుకోవాలని ఆజ్ఞ తెచ్చింది. ఇలీర్, అగ్రోన్ లాంటి ప్రాచీన ఇల్లిరియన్ పేర్లే అసలైన స్వదేశీ పేర్లంది. ఆజ్ఞ తెచ్చిన పెద్దమనిషి పేరేమిటి? ఎన్వర్ అంటే మా అన్వరే. హోజా అంటే మా ఖోజాయే, మతం చెప్పే పంతులు. పాలించేవాడి పేరు పాలితుడి పేరంత బరువు కాదు కాబోలు! తిరానా నడిబొడ్డున 1968లో నిలబెట్టిన గుర్రం మీది విగ్రహమూ స్కందర్‌బేగ్‌దే.

ఆ ప్రభుత్వం పోయింది. 1991 తర్వాత గ్రీసుకు కూలికి పోయిన అల్బేనియా ముస్లింలలో ఎంతోమంది పని దొరకడానికి గ్రీకు క్రైస్తవ పేర్లు చెప్పుకున్నారు. అక్కడ ఆజ్ఞ అక్కర్లేదు, ఆకలి చాలు. ఇక్కడ అద్దె ఇంటి కోసం పేరు దాచుకునే మావాళ్లకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా పెద్దలకూ ఒక మాట. సైదులు, మస్తాన్, లాలు ఇస్లాం పేర్లు కావని దిద్దబోతున్నారు. సికందర్ ఏ ఖురైషీల ఇంట పుట్టాడు? ఆ పేరు వాడుకలో మనదయింది. సైదులూ మస్తానూ అంతే. దర్గాకు మొక్కుకుని హిందువులు కూడా బిడ్డలకు ఆ పేర్లే పెట్టుకున్నారు.

మా పేర్లను పరాయివనేవాళ్లు రోజూ సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కుతారు. అది మూడో నిజాం సికందర్ జా పేరున 1806లో వెలసిన ఊరు. నోరు తిరగని పేరేమీ కాదు కదా! ఊరికి పలికే నోరు మనిషికి ఎందుకు పలకదు?

మేం పేర్లు మార్చుకోం. పేరు వినగానే మారిపోయే మీ ముఖాలు మార్చుకోండి.