విమానంలో గంటంపావు.. రోడ్డు మీద రెండు గంటలు! భోగాపురం ఎయిర్‌పోర్టుతో చోడవరం వాళ్లకు లాభమా? నష్టమా?

విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపు? గంటంపావు అని ఠక్కున చెప్పేస్తాం. కానీ చోడవరంలో ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి లెక్కేస్తే సీన్ మారిపోతుంది. ప్రయాణికుల విమానాలు భోగాపురానికి మారితే ఈ లెక్క మరోసారి మారనుంది. అదెలాగో చూద్దాం.

గాల్లో దూరం ఎంత?

విశాఖ, హైదరాబాద్ మధ్య గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన 40 నిమిషాలు చాలు. కానీ రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, కిందికి దిగడం కలిపితే గంటంపావు దాటుతుంది. ఢిల్లీ దాదాపు 1,350 కిలోమీటర్లు, రెండుంపావు గంటల పైనే. సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఎయిర్‌పోర్టు మారినా ఈ టైమ్‌లో పెద్ద తేడా రాదు.

అసలు తేడా నేల మీదే

ఉమ్మడి విశాఖ జిల్లాలో భాగమైన చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకు 40 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. భోగాపురం ఉన్నది విజయనగరం జిల్లాలో. అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ పడమర వైపు ఉంటే, ముందు ఈశాన్యం వైపు వెళ్లాలన్నమాట!

రోడ్డు మీద రెండు గంటలు, రిపోర్టింగ్‌కు రెండు గంటలు, విమానంలో గంటంపావు, శంషాబాద్ నుంచి సిటీలోకి మరో గంట. అంతా కలిపితే ఆరు గంటల పైమాటే. ఇప్పటితో పోలిస్తే ముప్పావు గంట అదనం. రాత్రి రైలుకు పట్టే 12 గంటలతో చూస్తే మాత్రం ఇంకా సగమే. కాకపోతే దూరం రెట్టింపు కావడంతో క్యాబ్ ఖర్చూ పెరుగుతుంది.

మరి లాభం ఏంటి?

ఇప్పటి ఎయిర్‌పోర్టు నేవీకి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. నేవీ అవసరాల తర్వాతే ప్రయాణికుల విమానాలకు టైమ్ దొరుకుతుంది. రన్‌వే కూడా సుమారు 3,050 మీటర్లే. జీఎంఆర్ నిర్మిస్తున్న భోగాపురంలో రన్‌వే 3,800 మీటర్లు. పెద్ద విమానాలు దిగొచ్చు. గల్ఫ్‌కు నేరుగా సర్వీసులు పెరిగితే, హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మారే బాధ తప్పుతుంది. అంటే దూర దేశాలకు వెళ్లేవాళ్లకు గంటలు కలిసొస్తాయి, హైదరాబాద్ వెళ్లేవాళ్లకు కాస్త భారమే.

కీలకం ఆ 20 కిలోమీటర్లే

సబ్బవరం చేరితే చాలు, అక్కడి నుంచి ఆనందపురం దాకా ఆరు లేన్ల హైవే. విశాఖ సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్లే పనే లేదు. ఇబ్బంది అంతా చోడవరం నుంచి సబ్బవరం వరకు ఉన్న 20 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుతోనే. ఈ ముక్క బాగుండి, ఎయిర్‌పోర్టుకు నేరుగా ఆర్టీసీ బస్సు నడిస్తే అదనపు భారం చాలావరకు తగ్గుతుంది. నర్సీపట్నం, మాడుగుల వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఇదే దారి.

ఉదయం 7 గంటల విమానం బుక్ చేసుకుంటే మాత్రం, చోడవరంలో తెల్లవారుజామున 3 గంటలకే బండి ఎక్కాలి!