గాజు భరిణెల ఇంటిపేర్లు

పిల్లలూ! చెరువులో మునిగివున్న రాతిమీద కాలు పెడితే సర్రున జారుతుంది గదా! అక్కడ గోధుమరంగు జిగురేదైనా వుంటే చుక్కంత తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. గాజు పడవలూ, చక్రాలూ, సూదులూ కనపడతాయి. ఇవే డయాటములు. నాచులన్నీ పచ్చగానే వుండాలని ఎక్కడా లేదు.

ఒక్కొక్క డయాటము ఒకే కణం గల జీవి. దాని పెంకు సిలికాతో తయారవుతుంది. ఇసుకలోనూ గాజులోనూ వుండేది అదే. ఆ పెంకు అచ్చంగా కుంకుమ భరిణె: అడుగు ఒకటి, దానిమీద కాస్త పెద్ద మూత.

శాస్త్రజ్ఞులు ఘాటైన ఆమ్లంతో లోపలి మెత్తని పదార్థాన్ని పోగొడతారు. (మీరు చెయ్యకండి సుమా!) మిగిలిన పెంకు గుండ్రంగా వుందా, కోలగా వుందా అని మొదట చూస్తారు. తరువాత మిల్లీమీటరులో నూరోవంతు పొడవులో ఎన్ని గీతలున్నాయో లెక్కపెడతారు. దాన్నిబట్టి పేరు తేలుస్తారు. మనకు మల్లేనే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. పడవలా వుండేవాటిలో ఒకదాని ఇంటిపేరు నావిక్యులా. లాటిను భాషలో చిన్న నావ అని అర్థం.

కాని పై రూపాన్ని నమ్ముకుంటే చిక్కే. 1838లో ఎరెన్‌బెర్గ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వీటిని జంతువులలో చేర్చాడు. వీటికి పొట్టలున్నాయనికూడా అనుకున్నాడు!

పరిమాణమూ మోసం చేస్తుంది. డయాటము రెండుగా చీలినప్పుడు ఒక బిడ్డకు మూత, ఇంకొక బిడ్డకు అడుగు దక్కుతాయి. ఇద్దరూ దక్కినదాన్నే మూతగా పెట్టుకొని, దానిలో పట్టే అడుగు కొత్తగా కట్టుకుంటారు. అడుగు దక్కినవాడు తల్లికన్న చిన్నవాడు. వాడి బిడ్డల్లో ఒకడు ఇంకా చిన్నవాడు. ఈ సంగతి 1869లో బయటపడింది. అది తెలియనివాడు ముత్తాతనూ మునిమనుమణ్ణీ పక్కపక్కన చూస్తే రెండు వేరు జాతులనుకోడూ? మరీ చిన్నవై పోయినప్పుడు చాలా డయాటములు పెంకు వదిలేసి, ఉబ్బి, మళ్ళీ పెద్ద భరిణె కట్టుకుంటాయి.

అందుకే నేడు గీతలతోపాటు డి.యన్.ఏ.నుకూడా చదువుతున్నారు. దానితో వింతలు తేలాయి. గుండ్రటివన్నీ ఒకే కుటుంబం కాదు. కోలవి ఆ గుండ్రటి వంశంలోనుంచే పుట్టాయి. డయాటములకు దగ్గర చుట్టాలు పచ్చనాచులు కావు, సముద్రంలో మూరలకొద్దీ పెరిగే గోధుమరంగు నాచులు! నీలాకుపచ్చ నాచు అయితే బాక్టీరియాలలో చేరింది. దాని కథ వచ్చే నెల చెపుతాను.